నాయన కూర్చుంటేనే ఆగే బండి

కంప్యూటర్లో లారీ నడిపే ఆట అది. కొండ మలుపు దగ్గరికి వచ్చేసరికి తెర మీద లారీ ఉన్నట్టుండి నిలిచిపోయేది. ఇంజను చప్పుడు మాత్రం గుర్రుమంటూ వినిపిస్తూనే ఉండేది. రెప్పపాటు కాలం, అంతే. బొమ్మ మళ్ళీ కదిలేసరికి లారీ గోడ విరగ్గొట్టుకుని లోయలో పడి ఉండేది. నాయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసి నా వైపు తిరిగేవాడు.

"చూసినావు గదా పాపా. ఇందులో నా తప్పేమన్నా ఉందా?"

లేదనేదాన్ని. ఆట ఆగిన మాట నిజం, నా కళ్ళతో నేనే చూశాను. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ నాకు దిగులుగా ఉండేది. ఎందుకంటే ఆ ఆట సరదాకి పెట్టింది కాదు. నాయన మళ్ళీ నిజం లారీ ఎక్కవచ్చా, ఎక్కకూడదా అన్నది తేల్చుకోవడానికి పెట్టింది.

మాది మార్కాపురం. నేను ఇంట్లోనే కూర్చుని ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకులకు స్వాగతాలు, అన్నిటికంటే ఎక్కువగా శ్రద్ధాంజలులు. మా వైపు ఎవరు పోయినా వాళ్ళ ఫొటో నా వాట్సాప్‌లోకి వచ్చి పడుతుంది. పోయినవాళ్ళ మొహం మీది మచ్చలు తీసి, వెనక మబ్బులు పెట్టి, రెండు పావురాలను ఎగరేసి పంపిస్తాను. ఆ పని కోసం కొన్నదే ఈ కంప్యూటరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో పేరు. ఫొటోల్లోని మనుషులతో తప్ప ఇంకెవరితోనూ నేను నెమ్మదిగా ఉండనని అమ్మ అంటూ ఉంటుంది. ఆ మాటకు కూడా నాకు కోపమే వస్తుంది.

నాయన లారీ డ్రైవరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పలకలు, బండలు వేసుకుని కంభం, గిద్దలూరు మీదుగా పోయి, దిగువమెట్ట దాటాక నల్లమల ఎక్కి, అవతల నంద్యాల వైపు దిగేవాడు. ఆ ఘాటు రోడ్డు గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతే వేరుగా ఉండేది. ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఎక్కడ గేరు తగ్గించుకోవాలో, కోతులు ఎక్కడ రోడ్డుకు అడ్డం కూర్చుంటాయో చెబుతుంటే మేము అన్నం తినడం ఆపి వినేవాళ్ళం. ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన ఏం చెయ్యాలో తోచక గడప దగ్గర నిలబడేవాడు. రోడ్డు మీద ఉన్నప్పుడే మనిషి మనిషిలా ఉండేవాడు.

ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే చేతిలోంచి బ్రష్షు జారి కింద పడింది. వంగి తీసుకోబోతే చెయ్యి కదల్లేదు. పక్షవాతమన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. ఒంగోలు ఆసుపత్రిలో పెట్టాం. అమ్మ ఉపవాసాలుండి ప్రార్థనలు చేసింది. నెలలు గడిచేకొద్దీ మాట వచ్చింది, కాలు వచ్చింది, ఆఖరున చెయ్యి కూడా వచ్చింది. తన చేత్తో తను ముద్ద కలుపుకుని తిన్న రోజు అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఆ ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు నా భర్తకు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు, ఆయన చెయ్యి మునుపటిలాగే అయింది అని అందరి ముందూ చెప్పింది. మా సంఘంలో సాక్ష్యం చెప్పడమంటే మామూలు విషయం కాదు. అలా చెప్పాక, ఇంకా కొంచెం బాగుపడాల్సి ఉందండీ అని మళ్ళీ ఎవరూ లేవరు. నాయన ఇంట్లో అడపాదడపా తొట్రుపడుతున్నా, ఆ ఆదివారం తర్వాత అమ్మ నోరు మెదపలేకపోయింది.

కబురు కురిచేడు దాకా పోయింది. అక్కడ లారీల ఓనరు ఒకాయన ఉన్నాడు. నాయన చాలాకాలం ఆయన బండే తోలాడు. వయసులో నాయనకంటే చిన్నవాడే అయినా ఇద్దరూ ఒకరినొకరు అన్నా అనే పిలుచుకుంటారు.

"అన్నా, చెయ్యి బాగయిందంట గదా. ఎప్పుడొస్తావు? కొత్తోని చేతికి ఘాటు బండి ఇయ్యాలంటే నాకు ధైర్యం చాలట్లేదు" అన్నాడు ఫోనులో.

నాయన ఆ రోజే ఖాకీ చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు. అమ్మ వద్దంటే ఒప్పుకోలేదు.

"చెయ్యి బాగయిందని చర్చిలో చెప్పింది నువ్వే గదే. దేవుని ముందర ఒక మాట, ఇంట్లో ఒక మాటనా?"

అమ్మ వంటింట్లోకి పోయింది. నేను మాత్రం గమనిస్తూనే ఉన్నాను. గ్లాసు నిండి నీళ్ళు కిందికి కారుతున్నా ఇంకా కాసేపు పోస్తూనే ఉండేవాడు. వెనక నుంచి పిలిస్తే కొంచెం ఆగి తిరిగేవాడు. అది వయసో, నా భయమో తెలిసేది కాదు. డాక్టరేమో కొన్నాళ్ళు చూద్దాం, ఇప్పుడే బండి వద్దన్నాడు. నాయన ఆ మాట కొట్టిపారేశాడు. "ఆయనెప్పుడన్నా లారీ తోలినాడా?" అన్నాడు.

అప్పుడు నేనే ఒక షరతు పెట్టాను. కోపంలో పెట్టాను, ఆలోచించి కాదు. "కంప్యూటర్లో లారీ ఆట ఉంది నాయనా. స్టీరింగు, బ్రేకు అన్నీ ఉంటాయి. ఘాటు రోడ్డంతా దేనికీ తగలకుండా దిగి చూపించు. అప్పుడు కురిచేడు పో. నేనే నిన్ను బస్సెక్కిస్తా" అన్నాను. ఆయన నవ్వాడు. "అంతేనా?" అన్నాడు. చిన్నపిల్లల ఆటలో ఓడిపోతానని ఆయన కలలో కూడా అనుకోలేదు.

గిద్దలూరులో గేములాడించే దుకాణం ఒకటి మూతపడిందని, అక్కడ పాత స్టీరింగు, కాళ్ళ కింద పెట్టుకునే పెడళ్ళు ఉన్నాయని తెలిసి పోయి తెచ్చాను. స్టీరింగును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే బస్సు కండక్టరు, "ఏందమ్మా, మా డ్రైవరు మీద నమ్మకం లేదా?" అని ఎగతాళి చేశాడు. ఇంటికొచ్చి దాన్ని బల్లకు బిగించాను. మన రోడ్ల లాంటి ఘాటు రోడ్డును ఎవరో తయారు చేసి నెట్‌లో పెట్టారు. అదీ ఆటలో కలిపాను. ముందు అద్దం మీద పూలదండ వేసిన లారీ, ఎదురొచ్చే ఎర్ర బస్సులు, రోడ్డు దాటే గొర్రెలు, అన్నీ ఉన్నాయి. నాయన కుర్చీ ముందుకు జరుపుకుని, కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు మాత్రం ఆట ఆగిపోతూ వచ్చింది.

బాగుచెయ్యకపోతే పరీక్ష తేలదు. అందుకని ఆ పని మీద కూర్చున్నాను. మొదట ఆటలో హంగులు తగ్గించాను. నీడలు తీసేశాను, దూరపు కొండలు తీసేశాను, చెట్లు పలచన చేశాను. "అడవంతా కొట్టేసినారా ఏంది?" అన్నాడు నాయన. అయినా ఆగింది. వెనక నడిచే ప్రోగ్రాములన్నీ మూసేశాను. గ్రాఫిక్స్ కార్డుకు కొత్త సాఫ్ట్‌వేర్ వేశాను. కరెంటు పొదుపు చేసే సెట్టింగు ఉంటే మార్చాను. ఆటను పాత హార్డ్ డిస్కులోంచి తీసి, నా ఫ్లెక్సీల ఫైళ్ళు పెట్టుకునే వేగమైన డిస్కులోకి మార్చాను. సెకనుకు ఇన్ని బొమ్మలే రావాలని హద్దు పెట్టాను, ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ కాకుండా ఒకే తీరుగా వస్తాయని.

ఇవన్నీ నెట్‌లో చూసి నేర్చుకున్నవే. ఎక్కడెక్కడి మనుషులో ఇదే బాధ పడుతూ, ఏం చేస్తే పోయిందో రాసి పెట్టారు. వాళ్ళకది చిరాకు వ్యవహారం, అంతకు మించి ఏమీ కాదు. నాకు మాత్రం తెర మీద లారీ నిలిచిపోయినప్పుడల్లా నిజం ఘాటు, నిజం లోయ కనిపించేవి.

నాయన తన పద్ధతిలో తను ఆలోచించేవాడు. "డీజిల్ లైనులో గాలి పట్టినప్పుడు బండి అచ్చం ఇట్లనే జర్కులు కొడతాది. ఫిల్టరు చూసినావా?" అన్నాడు ఒకరోజు.

"దీనికి డీజిల్ ఉండదు నాయనా" అని కసిరాను.

"లేకపోతే లేకపోయింది. పైపైన చూస్తే ఏం తెలుస్తాది? విప్పు."

స్క్రూడ్రైవరు ఆయనే తెచ్చిచ్చాడు. విప్పాను. మా వీధి చివర పలకలు కోసే యూనిట్ ఉంది. అక్కడి బూడిదరంగు దుమ్ము ఫ్యాన్ల రెక్కల మీద దట్టంగా పేరుకుని ఉంది. బ్రష్షుతో దులిపాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాశాను. మళ్ళీ బిగించి, నేనే కూర్చుని ఆ ఘాటంతా నడిపాను. ఎక్కడా ఆగలేదు. లోపలి వేడి చూపించే ప్రోగ్రాం పెట్టి చూసినా అంకెలు బాగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తిని నాయన కూర్చున్నాడు. ఎక్కేటప్పుడు బాగుంది. దిగేటప్పుడు ఆగింది.

ఆ తర్వాత ఏం మార్చినా ఇదే వరస. పొద్దున నేను విప్పి, సరిచేసి, నడిపి చూస్తే చక్కగా నడిచేది. మధ్యాహ్నం నాయన కూర్చుంటే మొరాయించేది. "నేను కూర్చుంటేనే ఆగుతాంది పాపా. దీనికి నా మీద ఏం కోపమో" అనేవాడు. మొదట్లో ఆ మాట నవ్వుతూ అనేవాడు. రోజులు గడిచేకొద్దీ నవ్వు పోయింది. ఓనరు మళ్ళీ ఫోను చేసి, ఇంకెన్నాళ్ళు చూడాలన్నా అన్నాడు. "ఇది తేలే యవ్వారం కాదు. డబ్బా కంప్యూటరు చెప్పినట్టు నేను ఇనాల్నా? వచ్చే వారం పోతాండా" అన్నాడు నాయన.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "దాన్ని ఆగనియ్యి పాపా. అది బాగుపడకపోతేనే మనకు మేలు. బాగయిందాకా ఆయన ఇంట్లోనే ఉంటాడు" అంది.

"ఉండడమ్మా. పోతానంటున్నాడు, వినలేదా? ఏమీ తేలకుండా పోతాడు" అని అరిచాను. అరిచాక బాధేసింది. ఆమె భయం, నా భయం ఒకటే. ఆమె తలుపు వేసుకుని కూర్చుందామంటుంది, నేను తీసి చూద్దామంటాను.

అసలు సంగతి ఆ మర్నాడు బయటపడింది. పొద్దున మళ్ళీ విప్పి, చూసి, బిగించి, ఫ్లెక్సీ షాపు వాళ్ళు పిలిస్తే గుమ్మం దాకా పోయాను. తిరిగి వచ్చేసరికి అమ్మ వంగి కంప్యూటరు డబ్బాకు గుడ్డ తొడుగు తొడుగుతోంది.

మా ఇంట్లో ప్రతి వస్తువుకూ తొడుగు ఉంటుంది. టీవీకి, ఫ్రిజ్జుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు, ఆఖరికి వాడని ఇస్త్రీపెట్టెకు కూడా. అమ్మ పెళ్ళికి ముందు పలకల ఫ్యాక్టరీలో పని చేసింది. ఆమె అన్న కూడా అక్కడే పలకలు కోసేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల నిండా చేరి, దగ్గి దగ్గి పోయాడు. అప్పటి నుంచి దుమ్మంటే అమ్మకు పగ. కంప్యూటరు వచ్చిన రోజే పాత చీర మడత పెట్టి దళసరిగా ఒక తొడుగు కుట్టింది. ముందు వైపు బటన్ నొక్కుకోవడానికి మాత్రం రంధ్రం వదిలింది. వెనక నేల దాకా వేలాడుతుంది.

నేను విప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ తొడుగు తీసి మంచం మీద పడేసేదాన్ని. నేను లేవగానే అమ్మ వచ్చి తొడిగేసేది. అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టు, ఆలోచన లేకుండా చేసే పని అది. ఏళ్ళ తరబడి చూసీ చూసీ, అది నా కంటికి ఆనడమే మానేసింది. ఫ్లెక్సీల పనికి మిషను పెద్దగా వేడెక్కదు కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. లారీ ఆట దాని చేత చాకిరీ చేయిస్తుంది. వెనక నుంచి బయటికి పోవాల్సిన వేడిగాలి గుడ్డలో చిక్కుకుని, లోపలంతా కాగిపోయి, కాలిపోకుండా ఉండడానికి మిషను తనంతట తనే నెమ్మదించేది. మేము చూస్తున్న ఆగడం అదే. కొండ ఎక్కేదాకా వేడి మెల్లగా పెరిగేది, దిగే సమయానికి అంతా కాగేది.

"ఇన్నాళ్ళూ నువ్వా!" అని అమ్మ మీద కేకలేశాను. ఎందుకు అరుస్తున్నానో ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"దుమ్ము పడితే పాడైపోదా?" అంది. తర్వాత మెల్లగా, "ఇది తీసేస్తే బాగవుతాదా?" అంది.

"అవుతుంది."

"బాగయితే మీ నాయన పోతాడు గదా పాపా."

తొడుగు అంచు ఆమె పిడికిట్లో ఉంది. వదల్లేదు. ఏమీ చూడనట్టు ఊరుకుంటే? కానీ ఊరుకున్నంత మాత్రాన ఆయన ఊరుకోడు. పరీక్ష తేలకుండానే పోయి బండెక్కుతాడు. ఎదురుగా వచ్చే బస్సులో ఎవరి పిల్లలుంటారో. నేను తొడుగు లాగేశాను. అమ్మ ప్రార్థన చేసుకోవడానికి లోపలికి పోయింది. ఏమని చేసిందో నాకు తెలియదు. స్వస్థత వచ్చిందని చెప్పిన నోటితోనే, అది రాలేదని తేలాలని అడగడం ఎంత కష్టమో ఆమెకే తెలియాలి.

ఆ మధ్యాహ్నం తీసేసిన చెట్లు, నీడలు, కొండలు అన్నీ మళ్ళీ పెట్టాను. డబ్బా వెనక వేడిగాలి ధారాళంగా బయటికి వస్తోంది. నాయన కూర్చున్నాడు. లారీ ఎక్కడా తడబడకుండా కొండెక్కింది. "భలే పోతాంది పాపా! ఇదీ బండంటే!" అన్నాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం జబ్బు చేశాక అదే మొదటిసారి. ఆ సంతోషం చూసి, దేవుడా, దేనికీ తగలకుండా దిగనీ అని నాకే అనిపించింది.

దిగువకు తిరిగాడు. మొదటి మలుపు బాగానే తిరిగాడు. రెండో మలుపులో ఎర్ర బస్సు ఎదురొచ్చింది. పక్కన నిలబడ్డ నేను బస్సును చూడగానే కాలితో నేలను నొక్కాను. ఆయన కాలు ఇంకా బ్రేకు మీదికి పోలేదు. లారీ నేరుగా పోయి బస్సును గుద్దింది. ఆట ఎక్కడా ఆగలేదు. అద్దాలు పగలడం కూడా స్పష్టంగా కనిపించింది.

ఆయన మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు. ఈసారి గొర్రెలు అడ్డం వచ్చాయి. "ఆగాగాగు" అని నోటితో అంటూనే ఉన్నాడు, గొర్రెలను తొక్కుకుంటూ పోయాక బ్రేకు పడింది. కళ్ళు చూశాయి, నోరు పలికింది, కాలికి మాత్రం కబురు ఆలస్యంగా అందింది. మూడోసారి బాగా నెమ్మదిగా దిగాడు. అయినా అదే. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, వంగి తన కుడి కాలి వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడు ఆగిందా పాపా?" అని అడిగాడు. నా మొహం వైపు చూడలేదు.

ఆగింది నాయనా అని ఉంటే నమ్మేవాడు. అంత చిన్న మాట.

"లేదు నాయనా. ఆగలేదు."

ఆయన తలూపి లేచాడు. లేచి గడప దగ్గరికి పోయి వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. నిజం తెలిస్తే మనసు కుదుటపడుతుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. కుదుటపడలేదు సరికదా, కోలుకున్న మనిషి కాలును నేనే విరగ్గొట్టినట్టు అనిపించింది. కంప్యూటరును బాగుచేసి, తప్పు మోయడానికి ఆయనకున్న ఒక్క దిక్కునూ లేకుండా చేశాను. ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున ఓనరు ఫోను వచ్చింది. నాయన ఎప్పుడూ స్పీకరు పెట్టుకునే మాట్లాడతాడు. అమ్మ, నేను అక్కడే ఉన్నాం.

"అన్నా, రేపు నంద్యాల లోడుంది. వస్తాండావా, లేదా? ఒక మాట చెప్పు."

నాయన ఫోను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత గట్టిగా, మామూలు గొంతుతో అన్నాడు. "నాకేమైందన్నా, చెయ్యి, కాలు అన్నీ బాగనే ఉండాయి. కావాలంటే ఇప్పుడే తోల్తా. మా ఇంట్లో ఆడోళ్ళే పోనియ్యట్లేదు."

అవతల ఓనరు నవ్వాడు. "నువ్వు ఆడోళ్ళ మాట ఇనేది ఎప్పట్నుంచి అన్నా? ఫోను వాళ్ళకియ్యి, నేను చెప్తా."

నాయన నా వైపు చూశాడు. నా చిన్నప్పటి నుంచి ఆయన నన్ను ఏదీ అడిగింది లేదు. ఇప్పుడూ నోటితో అడగలేదు. ఫోను నా వైపు చాచి పట్టుకున్నాడు, అంతే. నేను దగ్గరికి పోయి, ఉన్న కోపమంతా గొంతులోకి తెచ్చుకున్నాను.

"పోనియ్యమంటే పోనియ్యం! మా నాయనకు బాగున్నా పోనియ్యం, బాగలేకున్నా పోనియ్యం! ఇంకోసారి ఫోను చేసినావంటే మర్యాదగా ఉండదు, చెప్తాండా!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి మా ఇంటి వైపు చూశారు. అవతల ఓనరు నవ్వు ఆగిపోయింది. నాయన ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇన్నావు గదన్నా" అన్నాడు. "ఇట్లాంటోళ్ళను ఇంట్లో పెట్టుకొని నేనెట్ల వచ్చేది?"

ఫోను పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.